దిక్సూచి బాబాయి పక్క సీటు

మా బాబాయిని వీధిలో అందరూ దిక్సూచి అంటారు. దారులన్నీ తెలిసిన మనిషని కాదు, పొరపాటున కూడా సరైన దారిన వెళ్ళడని. ఆ పేరు పెట్టింది మూలమీది సెలూన్ ఆయన. ఒకరోజు బాబాయి జుట్టు కత్తిరించుకుని బయటికొచ్చి, కుడికి తిరగాల్సింది ఎడమకి తిరిగి, వీధి చుట్టంతా చుట్టి మళ్ళీ ఆ సెలూన్ ముందుకే వచ్చాడట. తలుపు తోసి లోపలికి చూసి, "ఇక్కడ కూడా నీకో షాపుందా? ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడట. ఆ రోజు కుర్చీలో కూర్చున్నాయన గడ్డం సగంలోనే ఆగిపోయిందని, నవ్వు ఆగేదాకా కత్తి పట్టుకోలేకపోయానని సెలూన్ ఆయన ఇప్పటికీ చెప్తాడు.

బాబాయికి ఆ పేరంటే కోపం లేదు. "ఏం దిక్సూచీ, ఎటు ప్రయాణం?" అని ఎవరైనా అడిగితే, "అదే కనుక్కుంటున్నా" అని నవ్వుతూ వెళ్ళిపోతాడు.

ఆయన మా పిన్ని భర్త. పదో తరగతి మధ్యలో నా చదువు ఆగిపోయినప్పటి నుంచి నేను వాళ్ళింట్లోనే ఉంటున్నాను. కాబట్టి ఆయన సంగతులు విన్నవి కొన్నయితే, కిటికీలోంచి చూసినవి ఎక్కువ. ఆయన పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దాటడం, కాసేపటికి అదే డబ్బాతో వీధి రెండో చివర నుంచి రావడం, మా ఇల్లు దాటుతూ నాకు చెయ్యి ఊపడం ఎన్నిసార్లు చూశానో.

వింత ఏమిటంటే ఆయన డ్రైవరు. బండి నడపడంలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. గేరు మారిస్తే పక్కన నిద్రపోతున్నవాళ్ళకి తెలియదు. గుంతల రోడ్డు మీద కూడా నిండు గ్లాసు తొణకదు. ఎటు పోవాలన్నదొక్కటే తెలియదు. చాలాకాలం బ్రెడ్డు కంపెనీ వ్యాను నడిపాడు. అప్పుడు బ్రెడ్డు అందాల్సిన షాపులకి అందేది కాదు. అడగని వీధుల్లో మాత్రం జనం బ్రెడ్డుకి బాగా అలవాటుపడ్డారు. చివరికి కంపెనీ వాళ్ళు ఆయన్ని తీసేస్తే ఆ అడగని వీధులవాళ్ళు వెళ్ళి గొడవపెట్టారట.

పిన్ని ఆయన నడిపే బండి ఎక్కదు. దానికి కారణం రైలు. పెళ్ళయిన కొత్తలో పిన్ని వాళ్ళ అన్నయ్య, వదిన ఏదో ఊరు వెళ్తూ పిన్నిని కూడా రమ్మన్నారు. వాళ్ళు ముందు స్టేషనులో ఎక్కుతారు, పిన్ని మన స్టేషనులో ఎక్కాలి. బాబాయి అరువు కారులో బయల్దేరదీశాడు. తిరిగి తిరిగి చివరికి ఒక రైలు గేటు దగ్గర ఆగారు. గేటు వేసి ఉంది. రైలు వచ్చింది. కిటికీలోంచి అన్నయ్య, వదిన చేతులు ఊపారు. పిన్ని కూడా సంతోషంగా ఊపింది. సగం ఊపాక అర్థమైందట, తను ఎక్కాల్సిన రైలు అదేనని. బాబాయి చేతి గడియారం చూసుకుని, "సరిగ్గా టైముకే వచ్చింది" అన్నాడట, ఆ రైలు తనే నడిపినట్టు.

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి ప్రయాణాలకి ఒక పద్ధతి ఏర్పడింది. ఎక్కడికి వెళ్ళాలన్నా పిన్ని బస్సులో వెళ్తుంది, బాబాయి ఆ బస్సు వెనకాలే తన బండిలో వెళ్తాడు. పిన్ని బస్సులో చివరి సీటులో, వెనక అద్దం పక్కన కూర్చుంటుంది. బస్సు తిరగబోయే ముందు అద్దంలోంచి చెయ్యి చాపి ఎడమో కుడో చూపిస్తుంది. బాబాయి అటు తిరుగుతాడు. కండక్టర్లందరికీ ఇది తెలుసు. ఆ సీటు ఖాళీగా ఉంచేవారు కూడా. అయినా మధ్యలో ఏ లారీయో అడ్డొచ్చి బాబాయి వెనకబడేవాడు. పిన్ని దిగాల్సిన చోట దిగి, బస్టాపు బెంచీ మీద కూర్చుని ఎదురుచూసేది. ఎప్పటికో బాబాయి వచ్చి, బండి దిగి, దోషిలాగా దగ్గరికెళ్ళి అడిగేవాడు.

"వచ్చి చాలాసేపయిందా?"

"ఇప్పుడే వచ్చాను లెండి" అనేది పిన్ని. ఆపాటికి ఆమె ఒక స్వెట్టరు చెయ్యి అల్లేసి ఉండేది.

బాబాయికి జీవితంలో ఒకటే కోరిక మిగిలిపోయింది. పిన్ని తన బండిలో, ముందు, తన పక్క సీటులో కూర్చోవాలి. ఏ బండి నడిపినా ఆ సీటు రోజూ తుడిచేవాడు. దాని మీద సంచి పెట్టనిచ్చేవాడు కాదు. ఎవరైనా కూర్చోబోతే "అది రిజర్వేషను" అనేవాడు.

అలాంటి సమయంలో మా పక్క వీధిలో ఒక ఆఫీసు తెరిచారు. అద్దాల తలుపు, లోపల నాలుగు బల్లలు, వెనక షెడ్డులో ఒక తెల్ల వ్యాను. ఆ వ్యాను పైన బూట్ల డబ్బా అంత పెట్టె ఒకటి బిగించి ఉంటుంది. ఆ పెట్టె తయారు చేసింది ఒక ఇంజనీరమ్మ. ఎప్పుడూ జేబులో స్క్రూడ్రైవరు, చెవి మీద పెన్సిలు. చెవి మీద పెన్సిలున్న సంగతి మరచిపోయి ఇంకో పెన్సిలు కోసం వెతుక్కునే మనిషి.

ఫోనులు మనకి దారి చెప్తున్నాయంటే పైనున్న ఉపగ్రహాలు చెప్పబట్టి. కొండల మధ్య లోయల్లోకి దిగితే ఆ సంకేతం అందదు, ఫోను నోరు మూసుకుంటుంది. ఈ పెట్టె ఉపగ్రహాన్ని అడగదు. దానికి నాలుగు పక్కలా నాలుగు కెమెరా కళ్ళు ఉన్నాయి. చుట్టూ ఉన్న కొండలని ఫోటో తీస్తుంది. కొండ ఎక్కడ ఆగుతుందో, ఆకాశం ఎక్కడ మొదలవుతుందో ఆ అంచుని ఒక గీతగా మారుస్తుంది. ఆ ప్రాంతంలో ఏ చోట నేల ఎంత ఎత్తుందో చెప్పే పటం మొత్తం దాని పొట్టలో ఉంటుంది. ఎక్కడ నిలబడి చూస్తే కొండలు సరిగ్గా ఇదే వరసలో, ఇదే ఆకారంలో కనబడతాయో పటంలో వెతుకుతుంది. దొరికిన చోటే బండి ఉన్న చోటు. మనం ఊరి చివర ఎత్తయిన ట్యాంకు చూసి ఇల్లు దగ్గరికొచ్చిందని అనుకోమూ, అలాగే.

పెట్టెని పరీక్షించడానికి ఇంజనీరమ్మ మంచి మంచి డ్రైవర్లని పెట్టుకుంది. అదే చిక్కయింది. వాళ్ళకి దారులు తెలుసు. పెట్టె తప్పు చెప్పినా వాళ్ళు లోపల నవ్వుకుని సరైన దారిలోనే పోయేవారు. సాయంత్రం చూస్తే బండి చేరాల్సిన చోటుకి చేరి ఉండేది, పెట్టె మంచిదో కాదో మాత్రం తెలిసేది కాదు. దాంతో ఆమెకి దారి అనేదే తెలియని డ్రైవరు కావాల్సి వచ్చింది. సెలూన్ ఆయన ఆ మాట వినీ వినగానే సబ్బు నురగ చేతులతోనే మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

ఇంటర్వ్యూలో ఇంజనీరమ్మ బాబాయిని ఒకే ప్రశ్న అడిగిందట, తూర్పు ఎటు అని. బాబాయి గదంతా ఒకసారి కలియజూసి, "ఈ గదిలో ఎటు పెట్టారమ్మా?" అన్నాడట. అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేసింది. ఆ శుభవార్త మోసుకుని బాబాయి పక్క వీధి నుంచి మా ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు.

కొన్నాళ్ళకి నాకూ అక్కడే పని దొరికింది. కొండ మీద మబ్బు కూర్చుంటే పెట్టె మబ్బుని కూడా కొండ అనుకునేది. అలాంటి ఫోటోలు ముందేసుకుని, ఏది కొండో ఏది మబ్బో చూసి గీత సరిచేసే మనిషి కావాలి. "మా ఇంట్లో ఒక పిల్ల ఉందమ్మా. కిటికీ దగ్గర కూర్చోబెడితే పొద్దు గుంకేదాకా చూస్తూనే ఉంటుంది, మాట్లాడదు" అని బాబాయి చెప్పాడు. ఆయన నా గురించి చెప్పిన పొగడ్త అదొక్కటే.

తర్వాత దారి చెప్పే గొంతు కావాల్సి వచ్చినప్పుడు ఇంజనీరమ్మ నా గొంతే రికార్డు చేసింది. దారి తప్పినవాళ్ళని తిట్టని గొంతు కావాలంది. కుడికి తిరగండి, ఎడమకి తిరగండి, నెమ్మదిగా వెళ్ళండి, ఇలా చాలా మాటలు చెప్పించింది. "మీరు ఉన్న చోటు నా దగ్గర లేదు" అని కూడా చెప్పించింది. ఇదెందుకని అడగాలనిపించింది కానీ అడగలేదు.

ఇంట్లో నా నోట్లోంచి మాట రావాలంటే ఇంటికి నిప్పంటుకోవాలని పిన్ని అంటుంది. అలాంటి నేను వ్యానులో పొద్దస్తమానం బాబాయి మీద పెత్తనం చేసేదాన్ని. నేను వెనక సీటులో నోరు మూసుకుని కూర్చునేదాన్ని, పైనుంచి నా గొంతు కుడికి తిరగమనేది. "సరే అమ్మా" అని బాబాయి తిరిగేవాడు. ఈ అలవాటు ముదిరి, ఇంట్లో "బాబాయ్, గ్లాసు ఎడమ పక్కనుంది" అని నేనంటే, "సరే అమ్మా" అని కుర్చీతో సహా ఎడమకి తిరిగేవాడు.

పెట్టె చెప్పింది చెప్పినట్టు బాబాయి వినడంతో దాని తప్పులన్నీ బయటపడ్డాయి. పశువుల కొట్టంలోకి వెళ్ళాం, ఇసుక గుట్ట ఎక్కాం, ఒకసారి ఎవరి పెరట్లోకో వెళ్ళి ఆరేసిన బట్టల కింద నుంచి బయటపడ్డాం. ఒక్కో తప్పూ ఇంజనీరమ్మ దిద్దుకుంటూ వచ్చింది. నెలలు గడిచేసరికి పెట్టె తప్పు చెప్పడం మానేసింది. బాబాయి ఆఫీసు నుంచి వ్యానులో నేరుగా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. మొదటి రోజు పిన్ని తలుపు తీసి నిలబడిపోయింది. "ఇంకా వంట కాలేదు. మీరీ వేళకి వస్తారని నాకెవరు చెప్పారు?" అంది.

ఇదే సమయమని బాబాయి తన కోరిక బయటపెట్టాడు. ఒక్కసారి పక్కన కూర్చోమన్నాడు. పిన్ని బట్టలు మడత పెడుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"పెట్టె మీద నాకేం అనుమానం లేదు. పెట్టె కింద కూర్చున్న మనిషి మీదే."

ఇంతలో ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇంటివాళ్ళకి ఇల్లు కావాలన్నారు. కొండ అవతలి పేటలో వేరే ఇల్లు చూసుకున్నారు. సామానంతా లారీలో ముందు రోజే పంపేశారు, ఆ రాత్రి పడుకోవడానికి పరుపులు ఉంచుకుని. తెల్లారాక పిన్ని ఆ పరుపులు రెండూ కలిపి చుట్టి, పైన తన నీలిపూల దుప్పటి కప్పి, నడుముకి తాడు బిగించి మూట కట్టింది. మూట బస్టాపుకి మోయించుకెళ్ళింది. బస్సు కిటకిటలాడుతోంది. కండక్టరు మెట్టు మీద నిలబడి, "మీరెక్కండమ్మా, ఆ కొండని మాత్రం ఎక్కించకండి. ఊళ్ళో జనమంతా దిగేదాకా నాకే చోటు లేదు" అన్నాడు. మూట మళ్ళీ ఇంటికొచ్చింది.

సరిగ్గా ఆ రోజే పెట్టెకి అసలు పరీక్ష. కొండ ప్రాంతాల్లో ఆంబులెన్సులు నడిపే సంస్థ పెద్దాయన ఒకరు కనుమ మీది అతిథి గృహంలో కూర్చుని ఉంటారు. పెట్టె చెప్పిన దారిలోనే బండి అక్కడికి చేరితే, ఆంబులెన్సులకి ఆ పెట్టెలు తీసుకోవడం గురించి ఆలోచిస్తారు. మేము వెళ్ళే దారి కూడా పిన్ని కొత్త ఇంటి వైపే. ఇంటి తాళాలు ఇచ్చేయడానికి వ్యాను మా గుమ్మం ముందు ఆపాడు బాబాయి. పిన్ని మూట మీద కూర్చుని ఉంది.

బాబాయి గుడ్డ తీసుకున్నాడు. వెళ్ళి ముందు సీటు మళ్ళీ ఒకసారి తుడిచాడు.

పిన్ని చాలాసేపు ఆ సీటు వంక చూసింది. తర్వాత షరతు చెప్పింది. "ఒక్కసారి దారి తప్పినా దిగిపోతాను. బస్సెక్కుతాను. ఇంక ఈ జన్మలో ఈ సీటు మాట ఎత్తకూడదు."

"సరే అమ్మా" అన్నాడు బాబాయి. అలవాటులో.

ఇంజనీరమ్మ కూడా ఒప్పుకుంది. వెనక సీటులో లాప్‌టాప్‌లో మునిగి ఉంది కాబట్టి ఏం అడిగినా ఒప్పుకునేలాగే ఉంది. పిన్ని, నేను లోపలికి వెళ్ళి గోడ గడియారం, నీళ్ళ సీసా తెచ్చుకుంటుంటే బాబాయి మూట సంగతి చూస్తానన్నాడు. మూట లోపల పట్టలేదు. వ్యాను పైన ఏమీ పెట్టకూడదని ఇంజనీరమ్మ మొదటి రోజే చెప్పింది. బాబాయి దానికి తన అర్థం తను చెప్పుకున్నాడు: కెమెరా ముందు పెట్టకూడదని. ముందుకే కదా వెళ్ళేది. వెనకవైపు కన్ను రివర్సు చేసేటప్పుడు మాత్రమే తెరుచుకుంటుందని ఇన్ని నెలలూ ఆయన నమ్మకం. పెట్టె వెనకాల మూట ఎక్కించి గట్టిగా కట్టేశాడు.

"పైన ఏదో చప్పుడు?" అందట ఇంజనీరమ్మ.

"టైర్లు చూస్తున్నానమ్మా" అన్నాడట. పైన టైర్లేమిటని అడిగే తీరిక ఆమెకి లేదు.

ఇవన్నీ మాకు తర్వాత తెలిసిన సంగతులు. మేము గడియారంతో వచ్చి కూర్చునేసరికి అంతా సిద్ధంగా ఉంది. మూట వెనక డిక్కీలో సర్దేశాడనుకున్నాం. ఇంజనీరమ్మ అందరి ఫోనులూ తీసుకుని, ఆపేసి, రేకు డబ్బాలో వేసి తాళం వేసింది. పిన్ని ముందు సీటులో కూర్చుంది. బాబాయి అద్దంలో తన తల సరిచేసుకున్నాడు. అంత నెమ్మదిగా ఆయన బండి కదిలించడం నేనెప్పుడూ చూడలేదు.

ఊరు దాటి కొండలు కనబడగానే పెట్టె గొంతు సవరించుకుంది. నా ముందున్న చిన్న తెర మీద కొండల అంచు గీత మాత్రమే కనబడుతుంది. ఆ రోజు గీత వెనకవైపు ఒక కొండ చాలా స్పష్టంగా వచ్చింది, రెండు మూపురాలతో, మధ్యలో నొక్కినట్టు. ఇంజనీరమ్మ తెగ మురిసిపోయింది. తన లెక్క మీద పెట్టెకి ఇంత నమ్మకం ఇదివరకు ఎప్పుడూ లేదంది. పెద్దాయన ముందు పరువు నిలబడుతుందంది.

అప్పుడు నా గొంతు, ఏ తొందరా లేకుండా, చెప్పింది.

"మీరు జలాశయం మధ్యలో ఉన్నారు. నెమ్మదిగా వెళ్ళండి."

"సరే అమ్మా" అని బాబాయి వేగం తగ్గించాడు. తర్వాత తన పక్క అద్దం పైకెత్తాడు. వంగి పిన్ని పక్క అద్దం కూడా ఎత్తాడు.

"ఎందుకు?" అంది పిన్ని.

"నీళ్ళు కదా."

చుట్టూ ఎండిన పొలాలు. ఒక మేక మా వంక చూస్తోంది. పిన్ని మేకని చూసింది, బాబాయిని చూసింది, వెనక్కి తిరిగి నన్ను చూసింది. "ఏమే, మాటామంతీ లేని పిల్లవనుకున్నాను. మమ్మల్ని ముంచడానికా ఇన్నాళ్ళూ దాచుకున్నావు?"

నా చూపంతా తెర మీదే ఉంది. మిగతా కొండలు మేము కదిలే కొద్దీ పక్కకి జరుగుతున్నాయి, చిన్నవవుతున్నాయి. ఆ రెండు మూపురాల కొండ మాత్రం ఎంత దూరం వచ్చినా అంతే ఉంది. దూడలాగా మా వెనకే వస్తోంది. అలాంటి కొండ అవతలి జిల్లాలో జలాశయం పక్కన ఉందని నాకు తెలుసు, దాని గీత నేనే గీశాను. ఇది ఇక్కడికెలా వచ్చింది? ఎలాగో ధైర్యం చేసి, "బాబాయ్" అన్నాను.

"ఒడ్డు చేరడానికి ఎడమకి తిరగండి" అంది పైనుంచి నా గొంతు.

"సరే అమ్మా."

"అది కాదు బాబాయ్, ఆ కొండ..."

"ఎడమకి తిరగండి."

"తిరుగుతున్నానమ్మా, రెండుసార్లు చెప్పాలా."

నన్ను నేనే మాట్లాడనివ్వడం లేదు. బండి మట్టి దారిలోకి దిగింది. ఎత్తు పల్లాలు దాటి, ఒక కంచె సందులోంచి దూరి, తాళ్ళ మీద తెల్లటి పక్క బట్టలు బారులు బారులుగా ఆరేసిన మైదానంలోకి వచ్చింది. ఏ హోటళ్ళవో, ఆసుపత్రులవో అన్ని దుప్పట్లు గాలికి ఉబ్బి లేస్తున్నాయి, పడుతున్నాయి. చుట్టూ తెల్ల కొండలు పుట్టి చస్తున్నట్టుంది. పెట్టె తన పటమంతా వెతుక్కుంది. తర్వాత, ఎందుకు రికార్డు చేశారా అని నేననుకున్న ఆ వాక్యం ఎంతో మర్యాదగా చెప్పింది.

"మీరు ఉన్న చోటు నా దగ్గర లేదు."

"బాబాయ్, ఆపు" అన్నాను.

"ఆపు అనడం కూడా నేర్చుకుందే" అని మెచ్చుకుంటూ ఆపాడు.

ఇంజనీరమ్మ మొహం తెల్లబోయింది. ఇంత నమ్మకంగా ఇంత తప్పు ఎలా చెప్పిందో చూద్దామని, గీత పక్కకి తోసి అసలు ఫోటో తెర మీదకి తెచ్చింది. పిన్ని దిగిపోవడానికి తలుపు తీసి, దిగే ముందు ఒకసారి వెనక్కి వంగి తెర చూసింది.

"ఆ కొండకి నా దుప్పటి ఎందుకు కప్పారు?" అంది.

అందరం చూశాం. నీలిపూల కొండ. నడుముకి తాడు.

అందరం కిందికి దిగి వ్యాను పైకి చూస్తూ నిలబడ్డాం. తెల్ల దుప్పట్ల మధ్య నుంచి బట్టలుతికే ఆయన ఒకరు వచ్చి ఆయన కూడా చూశాడు. "దుప్పటి ఒక్కటే అయితే సాయంత్రానికి ఇచ్చేస్తాను. పరుపులు మేం ఉతకమండీ" అన్నాడు.

బాబాయి మూట దించి నేల మీద పెట్టి, దాని పక్కనే నిలబడ్డాడు. ఇద్దరూ ఒకలాగే ఉన్నారు, నడుం వంచి. ఇంజనీరమ్మ ఏదో అనబోయి, నెలల తరబడి వెనక కన్ను సంగతి ఈయనకి తనూ చెప్పలేదని గుర్తొచ్చినట్టుంది, చెవి మీది పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకుంది. బాబాయి ఆమె వంక చూడటం లేదు. పిన్ని వంకే చూస్తున్నాడు. పిన్ని నీళ్ళ సీసా చంకలో పెట్టుకుని రోడ్డు మీదకి నడిచింది. మేము ఆమె వెనకే వ్యానుని మళ్ళీ రోడ్డు మీదకి తెచ్చుకున్నాం, మూటని ఇంజనీరమ్మా నేనూ ఒళ్ళో పెట్టుకుని. ఊళ్ళో జనాన్నంతా దించుకుంటూ తిరిగిన బస్సు అప్పుడే మలుపు దగ్గరికొచ్చి ఆగింది. లోపల దాదాపు ఖాళీ. పొద్దుటి కండక్టరే. పిన్నిని చూసి చివరి సీటు వైపు చెయ్యి చూపించాడు.

బాబాయి బతిమాలలేదు. "నువ్వెక్కు. నేను వెనకాల వస్తాను" అన్నాడు.

అలా బస్సు వెనకాల వెళ్తే పరీక్షకి అర్థమే లేదని ఇంజనీరమ్మ మెల్లగా గుర్తు చేసింది. ఎవరూ వినిపించుకోలేదు.

పిన్ని మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగింది. "ఏమన్నాను నేను? దారి తప్పితే బస్సెక్కుతానన్నాను" అంది.

"అన్నావు. తప్పు పెట్టెది కాదు, నాది."

"కట్టింది మీరు. మరి మూట ఎవరిది?"

బాబాయి వ్యానులోని మూట వంక చూశాడు.

"నాదే కదా. దుప్పటి నాది, మూట నాది. పెట్టెని మోసం చేసింది అది. దారి తప్పించినవాళ్ళే బస్సెక్కుతారు." కాలు వెనక్కి తీసి కండక్టరు వైపు తిరిగింది. "కొండకి ఇప్పుడు చోటుందా?"

మూట బస్సెక్కింది. కండక్టరు దాన్ని చివరి సీటులో, వెనక అద్దం పక్కన, పిన్ని కూర్చునే చోటే నిలబెట్టాడు. కొత్త ఇంటి స్టాపులో దించమని పిన్ని చెప్పింది. వచ్చి ముందు సీటులో కూర్చుని, అద్దం దించుకుంది. "ఇంక నీళ్ళు లేవుగా" అంది.

పెట్టె ఒకసారి చుట్టూ చూసుకుని, మేము ఎక్కడున్నామో ఠక్కున చెప్పింది. తోటలు దాటాం, వంతెన దాటాం. అంతా పెట్టె చెప్పినట్టే. బస్సు మా ముందే పోతోంది. కనుమ మొదట్లో రోడ్డు రెండుగా చీలింది. బస్సు ఊళ్ళ మీదుగా పోయేది కాబట్టి ఎడమకి తిరిగింది. నా గొంతు కుడికి తిరగమంది.

"సరే అమ్మా" అన్నాడు బాబాయి. చేతులు మాత్రం ఎడమకి తిప్పుతున్నాయి.

ఆయన తప్పు లేదు. బస్సు వెనక అద్దంలో నీలిపూల దుప్పటి కనబడుతోంది. ఇన్నేళ్ళూ ఆ అద్దంలో కనబడింది ఎటు వెళ్తే అటే కదా ఆయన వెళ్ళింది. ఇంజనీరమ్మ ముందుకి వంగింది. పరీక్షలో మనుషులు దారి చెప్పకూడదు, ఆమె నోరెత్తడానికి లేదు. నేను చెప్పినా ప్రయోజనం లేదు, అప్పటికే చెప్పి ఉన్నాను.

పిన్ని దారి చెప్పలేదు. కిటికీలోంచి చెయ్యి బయటికి తీసి, ఎదురుగా పోతున్న మూటకి ఒకసారి ఊపింది, రైలు గేటు దగ్గర ఊపినట్టు. "నేనిక్కడున్నానండీ" అంది.

బాబాయి పక్కకి చూశాడు. నిజమే, ఉంది. చేతులు కుడికి తిరిగాయి.

అతిథి గృహం వరండాలో పెద్దాయన వాలు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఇంజనీరమ్మ ఏదీ దాచకుండా జలాశయంతో సహా చెప్పేసింది. ఆయన చెంప గోక్కుంటూ అంతా విని, "మేం రోగిని లోపలే పడుకోబెడతామమ్మా, పరుపుని పైన కట్టం" అన్నారు. కొన్ని ఆంబులెన్సులకి పెట్టి చూద్దామన్నారు. అక్కడి నుంచి బయల్దేరాక ఇంజనీరమ్మ నా చేత ఇంకో వాక్యం రికార్డు చేయించింది: "నా వెనక ఒక కొండ వస్తోంది. దయచేసి దించండి." అది చెప్తూ నేను నవ్వడంతో చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది.

కొండ దిగి కొత్త పేట చేరేసరికి ఎండ తగ్గింది. బస్టాపులో జనం లేరు. బెంచీ మీద ఒక చివర ఒక ముసలాయన కూర్చుని కునుకు తీస్తున్నాడు. రెండో చివర, నీలిపూల దుప్పటి కప్పుకుని, నడుముకి తాడు బిగించుకుని, మూట కూర్చుని ఉంది.

బాబాయి బండి ఆపి దిగాడు. పిన్ని సీటులోంచి కదల్లేదు. ఆయన తల వంచుకుని, ఎప్పటిలాగే దోషిలాగా బెంచీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"వచ్చి చాలాసేపయిందా?" అని అడిగాడు మూటని.

"ఇప్పుడే వచ్చింది లెండి" అంది పిన్ని, ముందు సీటులోంచి.